తేరేదాకా

నేను నీళ్ళ ప్యాకెట్లమ్ముతాను.
దేవత ఏటి ఒడ్డున నిలబడి
ఫ్యాక్టరీ నీళ్ళమ్ముకుంటాను.
నవ్వితే నవ్వండి.
ఒషోగ్బోలో పండగనాడు అందరికీ గొంతెండుతుంది.
డోళ్ళు వాయించేవాళ్ళకి, కొరడాలతో
ఒకరినొకరు కొట్టుకునే కుర్రాళ్ళకి,
లాగోస్ బస్సులు దిగినవాళ్ళకి మరీను.

అదిగో, ఆ పిల్ల వస్తోంది.
నెత్తిన ఊరందరి మొక్కులు నింపిన సొరబుర్ర,
పైన కప్పిన గుడ్డ కింద సగమే ముఖం.
పదిహేనేళ్ళుంటాయేమో.
మాట్లాడకూడదు. తడబడకూడదు.
కాలు తట్టుకుంటే ఊరికే కీడు.
దారిలో వేళ్ళున్నాయి, రాళ్ళున్నాయి,
నిన్న నా చేతుల్లోంచి ఎగిరిపోయిన ప్లాస్టిక్ కవరూ ఉంది.
దాన్ని చూసి నా గుండె ఆగింది.
ఆమె చూడనేలేదు,
దాటిపోయింది.

"ఓరె యెయే ఓ!"
ఆడవాళ్ళంతా దిష్టి తీసుకున్నట్టు
తలల చుట్టూ చేతులు తిప్పి
కష్టాలన్నీ ఆ బుర్ర వైపు విసిరారు.
నేనూ తిప్పాను, మూడుసార్లు.
ఒకటి నాకు.
రెండు వాడికి.

వాడంటే ఒమిటోగున్.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి మా అత్త
పిల్లల మీద ఆశకు నీళ్ళొదులుకోమంది.
వదల్లేదు నేను. తాగాను.
ఈ రేవులోనే,
యెయే ఒషున్యెమి మోచేతిదాకా ఇత్తడి గాజులు ఘల్లుమంటుంటే
నాలుక మీద తేనె రాసి, ముంచి ఇచ్చిన నీళ్ళు.
ఆ ఏడే నీళ్ళోసుకున్నాను.
మళ్ళీ పండగకి ముందే నీళ్ళాడాను.
అందుకే వాడికాపేరు:
నీళ్ళే చాలు మందుకి, అని.

ఇప్పుడు వాడు ఏటికి ఎగువన
ఇలెషా అవతల, కోకో తోటల వెనక
మొలలోతు గోతిలో నిలబడి
బంగారం కడుగుతున్నాడు.
పంపులు పెట్టి గట్టు కోస్తారట,
మట్టిని జల్లిస్తారట,
మిగిలిందంతా ఏట్లోకే.
నెలనెలా డబ్బు పంపుతాడు.
ఈ ఐసుపెట్టె వాడు కొన్నదే.

ఒకప్పుడిక్కడ చేపల వీపులు లెక్కపెట్టేదాన్ని.
ఆమె చేపలు, ఎవరూ పట్టనివి.
ఇప్పుడు ఏరు
పాలెక్కువైన టీ.
తాగొద్దని చదువుకున్న పిల్లలు బోర్డు పాతారు.
జనం బోర్డు చదివి
దాని నీడలోనే వంగి క్యాన్లు నింపుకుంటున్నారు.

ఊరు కట్టడానికొచ్చినవాళ్ళు నరికిన చెట్టు
ఏట్లో కూలినప్పుడు
లోపల్నించి ఒక గొంతు లేచిందట:
"నా నీలిరంగు కుండలన్నీ పగలగొట్టారు కదర్రా!"
ఒక్క చెట్టుకే అంత అరిచింది.
మరి ఇప్పుడేం?
అరుస్తూనే ఉందేమో.
పంపుల మోతలో ఎవడికి వినపడుతుంది?

మధ్యాహ్నం ఫోన్ చేశాను.
డోళ్ళు వినపడేలా పైకెత్తి పట్టుకుని, తర్వాత
"పండక్కి రాలేదేంరా" అన్నాను.
నీళ్ళు నమిలాడు.
వెనక ఇంజను ఆగి, దగ్గి, మళ్ళీ అందుకుంది.
"అమ్మా, నాకో సీసాడు పట్టి ఉంచు" అన్నాడు చివరికి.
"ఈ మధ్య ఒంట్లో బావుండట్లేదు."

ఏమనను?
నీ కాళ్ళ మధ్య నుంచి వచ్చినవేరా అననా?
నువ్వు కడిగి వదిలిందే నేను పట్టాలిరా అననా?
"సరే" అన్నాను.

జనం పలచబడ్డాక రేవులోకి దిగాను.
నా పెట్టెలో నలభై ప్యాకెట్లు మిగిలున్నాయి,
చల్లగా, శుభ్రంగా, ఎవరి పేరూ లేకుండా.
వాటి పక్కన ఈ సీసా.

రాత్రి కిటికీలో పెట్టాను.
పొద్దుటికి అడుగున రెండువేళ్ళ మందం ఎర్రమట్టి.
పైన తేట,
లేత ఇత్తడి రంగులో.

మూత తియ్యలేదు.
ఆ పిల్లను తలుచుకుని
రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ
బీరువా మీదికెక్కించాను.

వాడొచ్చాక
కుదిపి ఇవ్వాలో, కుదపకుండా ఇవ్వాలో
ఇంకా అనుకోలేదు.